తిరగేసిన లెన్సులో మిరప చేను

కొత్తగా వ్యవసాయ శాఖలో చేరిన పిల్లలు నాకు ఫోటోలు పంపుతుంటారు. రిటైరైపోయానన్నా వదలరు, వదలమని నేనూ గట్టిగా చెప్పను. "మేడమ్, ఈ పురుగేంటో చెప్పండి" అని కింద ఒక మాట, పైన ఒక ఆకుపచ్చ మసక. ఆ మసకలో ఆకు ఉందని మనం నమ్మాలి. ఆకు మీద పురుగు ఉందని ఇంకాస్త గట్టిగా నమ్మాలి. అంత నమ్మకం నాకు జాతకాల మీద కూడా లేదని జవాబు రాస్తుంటాను.

వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ఏ కెమెరా కొనమంటారు మేడమ్? ఏదీ కొనొద్దంటాను. ఇంట్లో అలమరలో పడి ఉన్నది తీయండి, అన్నయ్యదో బావగారిదో అడిగి తెచ్చుకోండి, ముందు దానితో చూడటం నేర్చుకోండి అంటాను. పిసినారిదాన్ని అనుకుంటారేమో, అనుకోనీ.

నా ఉద్యోగమంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలోనే గడిచింది. ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అయిందీ, ఎవరు ఏ సంతకం పెట్టలేదూ అన్నవి రాస్తే చదివేవాళ్లకి నిద్ర పట్టడం తప్ప ఇంకో ప్రయోజనం లేదు. నాకు మిగిలింది ఒక్కటే. చిన్నదాన్ని దగ్గరగా చూడటం ఎలాగో తెలిసింది, చూసినప్పుడల్లా నోట మాట రాలేదు. ఆ సంగతే రాస్తున్నాను.

సారు బాగా పడ్డారు

మా ఆఫీసుకి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో పై అధికారి ఒకాయన ఉండేవారు. మంచి మనిషే. ఎండకి వెరవరు, బురదలో దిగమంటే ప్యాంటు మడిచి దిగుతారు. కాకపోతే ఆయన దిగిన ప్రతి చేలోనూ ఆయన ఫోటో ఉండాలి. ఎడమచేత్తో మొక్క పట్టుకుని, కుడిచేత్తో ఆకు చూపిస్తూ నిలబడేవారు. ఫోటోలో ఆయన చేతి గడియారంలో టైమెంతో చదవొచ్చు. జేబులో పెన్ను ఏ రంగో చెప్పొచ్చు. ఆయన చూపిస్తున్న పురుగు మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ఆ ఫోటోలు చూసి ఒకసారి పరిశోధనా కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్త ఫోన్ చేసి, "సారు బాగా పడ్డారమ్మా, పురుగుని కూడా ఒకటి తీసి పంపించండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పురుగుని ఎలా తీయాలో నాకూ తెలియదు మరి. దగ్గరికి వెళ్తే కెమెరా గీమంటుంది, బొమ్మ కుదరదు. దూరం జరిగితే పురుగు చుక్కైపోతుంది. దీనికి వేరే లెన్సు ఉంటుందని, అది కొనడానికి ఆఫీసు ఒప్పుకోదని మాత్రం తెలిసింది.

బ్రాడీపేట స్టూడియోలో

లెన్సులో దుమ్ము పడిందని కెమెరా తీసుకుని గుంటూరు బ్రాడీపేటలో సుభానీ గారి స్టూడియోకి వెళ్లాను. పెళ్లి ఫోటోలు తీస్తారాయన, కెమెరాలూ బాగుచేస్తారు. లెన్సు ఊడదీసి నా చేతిలో పెట్టి, పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ల సంగతి చూడటానికి లోపలికి వెళ్లారు. చేతిలో గాజు వస్తువు ఉంటే కంటికి పెట్టుకోకుండా ఎవరుంటారు? పెట్టుకున్నాను, అదీ తిరగేసి. నా భుజం మీద చీరాల నేత చీర కొంగు ఉంది. దాన్నే చూశాను.

రోజూ కట్టుకునే చీర. అది గుడ్డ కాదు ఆ క్షణాన. ఒక్కో పోగూ మెలితిరిగిన తాడులా ఉంది, ఆ తాడులోంచి సన్నని నూగు బయటికి లేచి ఉంది, పోగుకీ పోగుకీ మధ్య చిన్న చిన్న కిటికీలు, వాటిలోంచి వెలుతురు. మేము చేలో చూసే పత్తే ఇది. ఇన్నేళ్లుగా ఒంటి మీద మోస్తూ ఒక్కసారీ చూడలేదు.

సుభానీ గారు తిరిగి వచ్చి, "ఏందండీ మేడమ్, కట్టుకున్న చీరనే అట్టా చూస్తన్నారు?" అన్నారు.

"దీన్ని ఇలాగే తిరగేసి కెమెరాకి పెట్టొచ్చాండీ?"

"పెట్టొచ్చండి. దానికొక రింగుంటది, తక్కువలోనే వస్తది. మేం నిశ్చితార్థపు ఉంగరాలు అట్టాగే తీస్తాం." ఆయన సొరుగు లాగి ఒక పాత ఫిల్మ్ కాలపు లెన్సు బయటికి తీశారు. "దీని బాడీ పోయి చానాకాలమైంది. కన్ను మాత్రం బాగుంది. తీసుకుపోండి, పుణ్యముంటది."

అలా ఒక చనిపోయిన కెమెరా కన్ను నాకు వచ్చింది. నా ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది ఆ రోజు నుంచే.

ఉన్నదానితోనే

ఇందులో మాయేమీ లేదు. మామూలు లెన్సు చేసే పని పెద్ద పెళ్లి పందిరిని తీసుకొచ్చి గోరంత జాగాలో ఇమిడ్చడం. దాన్ని తిరగేస్తే పని కూడా తిరగబడుతుంది, గోరంతది పందిరంత అవుతుంది. పాత లెన్సు ఎందుకు మేలంటే, వెలుతురు తగ్గించే రింగు దాని ఒంటి మీదే ఉంటుంది. కొత్త లెన్సుల్లో ఆ పని కెమెరా చేస్తుంది, తిరగేశాక ఆ మాట దానికి వినిపించదు.

తిరగేసి పెట్టే ఆ రింగు కూడా ఎందుకనుకుంటే ఇంకా తేలిక దారులున్నాయి. చిన్న కెమెరాల మీద పువ్వు గుర్తు ఒకటి ఉంటుంది, అది నొక్కకుండానే సగంమంది ఏళ్లు గడిపేస్తారు. ముందు అది నొక్కండి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం ఒకటి తెచ్చి లెన్సు ముందు పట్టుకోండి. అంచులు వంకరపోతాయి, మధ్యలో మాత్రం బొమ్మ చక్కగా పడుతుంది, మీకు కావలసింది మధ్యే. ఆపైన లెన్సుకీ కెమెరాకీ నడుమ పెట్టే ఖాళీ గొట్టాలు దొరుకుతాయి. వాటిలో గాజు ఉండదు, గాలే ఉంటుంది, అందుకే చవక. తిరగేసిన లెన్సు వెనక ఆ గొట్టాలు కూడా పెడితే మిరపగింజ తెర పట్టనంత అవుతుంది.

లెన్సు కన్నా కష్టం నిలకడ. ఇంత దగ్గరగా చూసేటప్పుడు పురుగు మూతి స్పష్టంగా ఉంటే తోక మసకైపోతుంది. లెన్సు రింగు తిప్పి లాభం లేదు, కెమెరానో ఆకునో వెంట్రుకవాసి జరపాలి. నేను అగ్గిపెట్టె వాడతాను. లోపలి అర అంచుకి ఆకు అంటించి, అరని గోటితో కొద్దికొద్దిగా నెడుతూ పోతే, ఎక్కడో ఒకచోట బొమ్మ కళ్లు తెరుస్తుంది. కెమెరా కింద పత్తిగింజలు నింపిన గుడ్డసంచి పెడతాను, ఎటు వంచితే అటు వంగి అక్కడే ఉంటుంది. మొక్క ఊగకుండా పక్కన పుల్ల గుచ్చి, కాడకీ పుల్లకీ కలిపి బట్టల క్లిప్పు పెడతాను. చేను మీదికి ఎండ రాకముందే వెళ్లండి. అప్పటికి పురుగులకి చలి వదలదు, గాలి లేవదు, మంచు చుక్కలు ఆరవు.

ఇదంతా చూసి మా చెల్లెలు "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ వ్యవహారం" అనేది. ఒకరోజు దాన్నే పిలిచి, చేనుకి మేలు చేసే అల్లిక రెక్కల పురుగు గుడ్లు చూపించాను. ఆకు మీద వెంట్రుకంత సన్నని కాడ నిలబెట్టి, ఆ కాడ కొనన గుడ్డు పెడుతుంది ఆ తల్లి. మొదట గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ఆకలికి పక్క గుడ్డుని తినేయకుండా ఆ ఏర్పాటు అంటారు. మా చెల్లెలు కొంగు దోపుకుని తెర మీదికి వంగింది. తర్వాత నెమ్మదిగా, "దీనికి ఎవరు చెప్పారే?" అని అడిగింది.

గింజ పెట్టారా?

మామూలు కంటికి చుక్కంత ఉండే తామర పురుగుని తిరగేసిన లెన్సుతో తీసి, ఆ ఫోటోని మొదటిసారి ఆఫీసు మీటింగులో గోడ మీద వేశాం. అంచుకి ఈకల్లాంటి వెంట్రుకలున్న రెక్కలు, ఆకుని గీరే మూతి, అంతా బారెడు. అధికారి గారు కాసేపు చూసి, "ఇంత పురుగుని కూలీలతో ఏరించక మందులెందుకమ్మా?" అన్నారు. ఎవరూ నవ్వలేదు, పై అధికారి కదా. నాకూ నవ్వు రాలేదు. ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. కొలత లేని బొమ్మ చూపిస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

తర్వాతి మీటింగుకి పురుగు పక్కన ఒక మిరపగింజ పెట్టి తీశాను. "ఆ పక్కన పసుపుపచ్చ బండరాయేంటి?" అన్నారు. మిరపగింజ సార్ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ గోడ వైపు చూశారు. "మిరపగింజా" అని తనలో తాను అనుకుంటూ కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఫోటోల్లోకి రావడం మానలేదు గానీ, నేను ఏ ఫోటో చూపించినా "గింజ పెట్టారా?" అని అడగడం మొదలుపెట్టారు. పిల్లలూ, మీరూ పెట్టండి. గింజ లేకపోతే కుట్టు దారం పోగైనా పెట్టండి.

ఇంకో జాగ్రత్త కూడా ఆయన పుణ్యమే. కల్లంలో ఎండబోసిన మిరపకాయలు పిడికెడు తీసి, విరిచి, వాసన చూసి, అదే చేత్తో నా కెమెరా లాక్కుని కంటికి పెట్టుకున్నారు. ఆ తర్వాత జరిగింది వర్ణించను. బిందెడు నీళ్లు అయిపోయాక ఎర్రటి కన్నుతో నా వైపు చూసి, "మీ కెమెరా మంచిది కాదమ్మా" అన్నారు. మిరప ఉన్నచోట కెమెరా ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కోవాలి. లెన్సులు మార్చడం కల్లం దాటాకే.

ఎదురుకాళ్ల కాన్పు

పర్చూరు దాటాక నల్లరేగడి నేలల్లో ఒక పత్తి చేను. ఆకు అడుగున రసం పీల్చే పేనుబంక పురుగులు గుంపుగా ఉంటే తీస్తున్నాను. గుంపులో ఒకటి కాస్త లావుగా, కదలకుండా ఉంది. దాని వెనక భాగంలోంచి ఏదో వస్తోంది. నేను వీడియో నొక్కి ఊపిరి బిగబట్టాను. పత్తి తీస్తున్న ఆడవాళ్లు, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, ఒడి నిండా పత్తితో నా చుట్టూ చేరి కెమెరా తెరలోకి తొంగిచూశారు.

"ఏందమ్మా అది, గుడ్డు పెడతందా?"

"గుడ్డు కాదు, పిల్లనే కంటోంది. దీనికి మగదానితో పని కూడా లేదు."

అందరూ ఒకేసారి నవ్వారు. "ఈ మాట ఊళ్లో చెప్పమాకండి మేడమ్, మగోళ్లు బాధపడతారు" అంది ఒకామె. ఇంకొకామె ఇంకా వంగి చూస్తూ, "తల రావట్లేదే, వెనక పక్క ముందొస్తంది. ఎదురుకాళ్ల కాన్పు" అంది. నిజమే. పేనుబంక పిల్ల తల అన్నిటికన్నా చివర వస్తుంది, కాళ్లు కొట్టుకుంటూ ఉంటుంది. కాన్పైన ఆడమనిషిలాగే ఆ తల్లి కూడా అలసిపోయినట్టు ఒక పక్కకి ఒరిగింది.

మా వైపు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుం పట్టు వదులుతుందని నమ్ముతారు. ఊళ్లో అలాంటివాళ్లు ఎవరున్నా, నడుం పట్టినవాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. ఆ మాట గుర్తొచ్చి ఆమె, "అట్టయితే చేను నిండా నడుం తొక్కేవాళ్లే. సాయంత్రం ఈడే బోర్లా పడుకుంటే సరిపోద్ది" అంది. పొద్దుటి నుంచీ వంగి పత్తి తీసిన ఆ ఆడవాళ్లు నడుములు పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను, కళ్లలో నీళ్లొచ్చాయి. ఇప్పుడు పుట్టిన ఆ పిల్ల కడుపులో అప్పుడే దాని పిల్ల తయారవుతూ ఉంటుందని చెప్పాను. నవ్వు ఆగిపోయింది. అందరం మళ్లీ ఆ తెరలోకి చూస్తూ ఉండిపోయాం.

ఆ నడుం మాట అన్నామె పేరు శారమ్మ.

శారమ్మ చేను

నేను రిటైరవడానికి కొద్దికాలం ముందు శారమ్మ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటిదాకా కూలికి వెళ్లిన ఆమె, భర్త దేవదానం కలిసి ఆ ఏడు మొదటిసారి కౌలుకి చేను తీసుకుని మిరప వేశారు.

"మేడమ్, రేపు పొద్దున మా చేను దున్నేస్తారంట. ఒక్కసారి మీ కెమెరా పట్టుకుని రాండి."

"ఎందుకు దున్నడం?"

"వైరస్ అంటన్నారు."

అది ఆదివారం, వెంటనే బయల్దేరాను. వాళ్లు చర్చి నుంచి తిన్నగా చేలోకి వచ్చారు. దేవదానం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు, శారమ్మ చెప్పులు విడిచి సాలులో ఉంది. నేనూ సాలులోకి దిగి చూశాను. చిగుళ్లన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆకు ముడతకి కారణాలు మూడున్నాయి. తామర పురుగైతే ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటుంది. నల్లి అయితే కిందికి, తిరగేసిన పడవలా ముడుచుకుంటుంది. ఇది మంచాల్లో నల్లి కాదు, ఆకు రసం పీల్చే సాలీడు జాతి ప్రాణి. ఆ రెండింటికీ మందుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయితే మందు లేదు, మొక్క పీకేయడమే. ఈ చేలో పైముడతా ఉంది, కిందిముడతా ఉంది, గిడసబారిన మొక్కలూ ఉన్నాయి. మందుల దుకాణంలో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెప్పారట, గుడ్డెద్దు చేలో పడ్డట్టు అన్నీ కలిపి కొట్టారట. ఆ కలగూరగంప మందులు నల్లిని తినే మేలు పురుగుల్ని కూడా చంపేస్తాయి, అప్పుడు నల్లికి పండగే.

"పొలం ఆసామి దున్నేసి శనగ వేసుకోమన్నాడండీ" అన్నాడు దేవదానం. "నేలలో పదును, విత్తనానికి చాలే తడి, ఇంకో నాలుగు రోజులుంటది. అది దాటితే శనగా లేదు, మిరపా లేదు. ట్రాక్టరుకి కూడా చెప్పి వచ్చా."

"నారు పోసింది నేను. నాటింది నేను. నీళ్లు పెట్టింది నేను" అంది శారమ్మ. "వైరస్ అని ఎవురన్నా కళ్లతో చూశారా? చూపిచ్చి దున్నమను."

"చేను పోతే మళ్లీ కూలికే గదా మనం పోయేది. శనగన్నా దక్కుద్దనే నా బాధ."

ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే నాకు భయం వేసింది. కెమెరాతో వచ్చినదాన్ని కాబట్టి తేల్చేస్తాననుకుంటున్నారు. ఈ నల్లి కంటికి కనిపించేది కాదు. దాని గుడ్డు ఇంకా చిన్నది. దాన్ని నేను అప్పటికి ఒకటి రెండు సార్లు ప్రయత్నించి తీయలేక వదిలేశాను.

తట్ట బోర్లించి దాని మీద పత్తిగింజల సంచీ, సంచీ మీద కెమెరా పెట్టాను. ఉన్న గొట్టాలన్నీ తగిలించి లెన్సు తిరగేశాను. బాగా ముడుచుకున్న ఆకు కోసి అగ్గిపెట్టె అరకి అంటించాను. ఎండ నడినెత్తికి వస్తోంది, గాలి లేచింది. తెర మీద ఆకు తళతళమని మెరుస్తోంది, ఊగుతోంది, అంతకుమించి ఏమీ లేదు. ఇంకో ఆకు పెట్టినా అంతే.

దేవదానం కాసేపు చూశాడు. తర్వాత చొక్కా గుండీలు విప్పి, బనీనుతో నిలబడి, ఆ తెల్ల చొక్కాని రెండు చేతులా ఎత్తి ఎండకీ గాలికీ అడ్డం పట్టాడు.

"ఇట్టా పట్టుకోమంటారా, ఇంకొంచెం కిందికా?"

"అలాగే, కదలొద్దు."

ఉతికి గంజిపెట్టిన ఆ పల్చటి గుడ్డలోంచి దిగిన వెలుతురు పాలలాగా ఆకు మీద పరుచుకుంది. మెరుపు పోయింది. స్టూడియోల్లో గొడుగులు, డబ్బాలు పెట్టి చేసేది ఇదే. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. బాగా ముడుచుకున్న ఆకులో నల్లి ఉండదు, అది ఖాళీ చేసిన ఇల్లు. నల్లి ఎప్పుడూ ఇంకా విచ్చుకోని లేత చిగురుకి పాకుతుంది. గోరంత చిగురాకు తుంచి, అడుగు భాగం పైకి వచ్చేలా అంటించి, అర నెట్టమని శారమ్మకి చెప్పాను. నేను తెర మీద కన్నుంచాను, ఆమె గోటితో అర నెట్టింది.

"నెమ్మదిగా. ఇంకొంచెం. ఆపు."

తెర మీద ఒక గుడ్డు ఉంది. గాజులా పారదర్శకంగా, ఆకుకి అతుక్కుని ఉంది. దాని మీద తెల్లటి చుక్కలు వరసలు తీరి ముగ్గుకి చుక్కలు పెట్టినట్టున్నాయి. ఇలాంటి గుడ్డు మన మిరప మీద నల్లిది తప్ప ఇంకోదానిది కాదు. పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకా. వాటి మధ్యలోంచి ఏదో నడుచుకుంటూ వచ్చింది. మగ నల్లి. అది ఇంకా పూర్తిగా ఎదగని ఆడదాన్ని, కదలలేని దశలో ఉన్నదాన్ని, వెనక కాళ్లతో పైకెత్తి పట్టుకుని లేత చిగురు వైపు మోసుకుపోతోంది. పుస్తకంలో చదివాను గానీ కళ్లతో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. బటన్ నొక్కి ఫోటో తీశాను. ఉద్యోగం మొత్తంలో అంత అందమైనది నేను చూడలేదు.

"ఏందది మోసుకుపోతంది?" అన్నాడు దేవదానం, చొక్కా దించకుండానే మెడ చాచి.

"పెళ్లాన్ని. పెద్దదైతే పెళ్లామవుతుంది."

"వీడు నయమే" అంది శారమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నువ్వు ఒక్కనాడన్నా ఎత్తుకున్నావా?"

"నీ బరువుకి ఎనిమిది కాళ్లు కావాలి" అన్నాడతను. పొద్దుటి నుంచీ గొంతు తగ్గించని ఆ ఇద్దరూ మొదటిసారి నవ్వుకున్నారు.

తర్వాత అతనే అడిగాడు. "అయితే వైరస్ కాదా? గ్యారంటీ ఇస్తారా మేడమ్?"

ఇవ్వనన్నాను. ఇక్కడ మీకు ఖచ్చితంగా చెప్పాల్సిన మాట ఉంది. ఫోటో ఉన్నదాన్ని చూపిస్తుంది. లేనిది లేదని చెప్పదు, రేపు ఏమవుతుందో అసలే చెప్పదు. అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, చేనుకి అది చాలదు. అందుకని ముగ్గురం సాళ్ల వెంట తిరిగాం. చోటుచోటా చిగుళ్లు తుంచి చూశాం. గట్టు వైపు నుంచి చేను చాలామటుకు నల్లే. వాగు వైపు పల్లంలో మాత్రం మొక్కలు పసుపు ఈనెలు వేసి గిడసబారి ఉన్నాయి, వాటి చిగుళ్లలో గుడ్డు లేదు, నల్లి లేదు. అది వైరసే అయి ఉంటుందని, అది పోయినట్టేనని చెప్పాను. మిగతాదానికి గంధకం మందు కొట్టాలి, ఇప్పుడున్న ఆకు బాగుపడదు, కొత్త చిగురు సాఫుగా వస్తే బతికినట్టు, రాకపోతే శనగ కూడా పోగొట్టుకున్నట్టు. ఉన్నదున్నట్టు చెప్పాను.

దేవదానం చొక్కా తొడుక్కున్నాడు. చంకల కింద మిరపాకు పసరు అంటుకుని ఉంది. శారమ్మ అతని వైపు చూడలేదు, చేను వైపు చూస్తోంది. అతను ఫోన్ తీసి ట్రాక్టరు అతనితో, "రేపు రా అన్నా. వాగు వైపు పల్లం ఒక్కటే దున్నాలి. మిగతాది ఉంచుతున్నాం" అన్నాడు. ఆసామికి ఎలా చెప్పుకున్నాడో నాకు తెలియదు.

వాళ్లు గంధకం కొట్టిన ఆ రోజుల్లో ఏ పని చేస్తున్నా నా ధ్యాస ఆ చేను మీదే ఉంది. శనగ పదును దాటిపోయింది. ఇక వెనక్కి తిరిగే దారి లేదు. ఫోన్ చేయాలంటే భయం వేసేది. చివరికి శారమ్మే చేసి, రమ్మంది, ఎలా ఉందో చెప్పలేదు.

వెళ్లేసరికి గట్టు మీద నుంచే కనిపించింది. ముడుచుకున్న పాత ఆకుల పైన, ప్రతి కొమ్మ చివరా, లేత చిగురు చాచిన అరచేతిలా సాఫుగా ఉంది. నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. దేవదానం చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

శారమ్మ తట్ట బోర్లించి రెడీగా పెట్టింది. చిగురాకు తుంచి తానే అగ్గిపెట్టెకి అంటించి, తానే అర నెట్టింది. తెర మీద ఆకు అడుగు భాగం. సన్నని ఈనెలు, ఊపిరి పీల్చుకునే చిన్న చిన్న నోళ్లు, వెలుతురు తాగుతున్న పచ్చదనం. గుడ్డు లేదు. ఏదీ నడవడం లేదు.

"ఏం లేదుగా?" అంది.

"ఏం లేదు."

"ఆ పెళ్లాన్ని మోసేవోడు కూడా పోయాడా?"

"పోయాడు శారమ్మా."

"పోవాలిలే" అంది. "పోకపోతే మేం పోయేవాళ్లం."

కానీ కెమెరా నాకు తిరిగి ఇవ్వలేదు. ఖాళీ ఆకుని ఇంకాసేపు చూసింది. తర్వాత కొంచెం బిడియంగా, భర్తకి వినపడకుండా అడిగింది.

"మేడమ్, ఆ నాటి ఫోటో, వాడు మోసుకుపోయేది, ఒక్కసారి పెట్టండి, చూస్తా."